బల్లారాట్‌లో తేజ మీద ఒట్టు

ఫుట్‌బాల్‌కీ నాకూ ఏ సంబంధమూ లేదని ముందే చెప్పేస్తున్నాను. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో పాతికేళ్ళుగా సివిక్స్ చెబుతున్నాను. ఆటలంటే నాకు తెలిసింది, ఏటా మా కాలేజీ మైదానంలో షామియానా వేసి, ముఖ్య అతిథి గంటన్నర మాట్లాడాక మిగిలిన కాస్త టైములో ఆడించే కబడ్డీ. అలాంటిదాన్ని సెలవు పెట్టి ఆస్ట్రేలియా వెళ్ళి, జూలై చలిలో ఒక గడ్డి మైదానం పక్కన మూడు రోజులు నిలబడి వచ్చాను. సిడ్నీ చూడలేదు. సముద్రం చూడలేదు. కంగారూని ఒకసారి చూశాను, అదీ రోడ్డు పక్కన చచ్చిపడి ఉన్నదాన్ని. "అంత దూరం వెళ్ళి ఏం వెలగబెట్టావు?" అని స్టాఫ్ రూములో అడుగుతున్నారు. వెలగబెట్టింది రాస్తున్నాను. చదివాక నేను చేసింది తప్పనిపిస్తే వచ్చి చెప్పండి. వాదించడానికి నాకు ఓపిక ఉంది.

క్రాన్‌బర్న్

మా చెల్లెలు సునంద మెల్‌బోర్న్ శివార్లలో క్రాన్‌బర్న్ అనే చోట ఉంటుంది. తనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా మరిది మురళిది బ్యాంకు. ఒక్కడే కొడుకు తేజ. ఇరవై ఏళ్ళు, ఆరడుగుల పైన ఎత్తు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, వాళ్ళ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. వాడికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. నా దగ్గర రెండూ కలిపి లాక్కొస్తాడు. ఎందుకంటే పూర్తి ఇంగ్లీషులో మాట్లాడితే నేను వినబడనట్టు కూర్చుంటాను.

ఆ చుట్టుపక్కల యూనివర్సిటీ జట్లన్నీ ఏడాదికోసారి ఒక ఊళ్ళో చేరి, మూడు రోజులు ఆడి, ఎవరు ఛాంపియనో తేల్చుకుంటాయి. ఈసారి ఆ ఊరు బల్లారాట్. నేను దిగిన నాలుగో రోజునే ప్రయాణం. ముందు రోజు భోజనాల దగ్గర యుద్ధం జరిగింది.

"వదినా, మీరైనా చెప్పండి వీడికి. ఇదే లాస్ట్ ఇయర్. నెక్స్ట్ సెమ్ నుంచి ఇంటర్న్‌షిప్, అంతే," అన్నాడు మురళి.

"డాడ్, ఫైనల్‌కి ఒక క్లబ్ నుంచి మనిషి వస్తాడు. దే నీడ్ అ కీపర్. పెయిడ్ క్లబ్," అన్నాడు తేజ.

"ముందు ఫైనల్‌కి వెళ్ళు. అప్పుడు నేనూ వస్తా, చూస్తా."

అంత మాట మురళి ఎందుకన్నాడంటే, వెళ్ళరన్న ధీమాతో. కొడుకు ఆరేళ్ళ నుంచి ఆడుతున్నాడు, తండ్రి ఒక్క మ్యాచ్ చూడలేదు. నాకు ఫుట్‌బాల్ మీద ప్రేమ లేదు గాని మురళి మాట్లాడే తీరు మీద కోపం ఉంది. "ఆరేళ్ళలో ఒక్క ఆదివారం ఖాళీ లేని బ్యాంకు ఏ దేశంలో ఉందయ్యా?" అని అడిగాను. సునంద బల్ల కింద నుంచి నా కాలు తొక్కింది. తేజ ప్లేటులోకి చూస్తూ నవ్వుకున్నాడు. ఆ క్షణం నుంచి నేను వాడి పార్టీ. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి నన్ను వాడి శత్రువని అన్నవాళ్ళున్నారు.

దారిలో యాపిల్స్

జట్టంతా బస్సులో వెళ్ళింది. సునందా నేనూ తన కారులో. నగరం దాటి గంట వెళ్ళాక బాకస్ మార్ష్ అనే చోట రోడ్డు వారగా తోటలు. ఒక గేటు ముందు బల్ల, బల్ల మీద సంచుల్లో యాపిల్స్, పక్కన చిల్లు పెట్టిన రేకు డబ్బా. మనిషి లేడు. సంచీ నాలుగు డాలర్లు అని అట్టముక్క మీద రాసి ఉంది. సునంద డబ్బులు వేసి సంచీ తీసుకుని కారెక్కింది. నేను ఎక్కలేదు.

"అక్కా, ఎంతసేపు నిలబడతావు? ఇక్కడ ఎవరూ దొంగతనం చెయ్యరు."

"అందుకే నిలబడ్డా. చేస్తే చూద్దామని."

పది నిమిషాల్లో ముగ్గురు ఆగారు, ముగ్గురూ వేశారు. మూడోవాడికి చిల్లర లేకపోతే నన్ను అడిగాడు. నన్ను తోట యజమానురాలనుకున్నాడు పాపం.

బల్లారాట్ పాత బంగారు గనుల ఊరు. రాతి భవనాలు, వెడల్పాటి వీధులు, నల్ల హంసలున్న చెరువు, అన్నిటి మీదా గాలి. అది చర్మం మీద ఆగే చలి కాదు. రెండు స్వెట్టర్లు, ఒక కోటు, మెడకి మఫ్లరు, తలకి సునంద టోపీ పెట్టుకుని నేను దిగితే, కుర్రాళ్ళు నిక్కర్లతో తిరుగుతున్నారు.

గట్టు మీద

మొదటి రోజు రెండు లీగ్ మ్యాచ్‌లు. మనవైపు ఆటల పోటీ అంటే మైకు ఉండాలి, దండలు ఉండాలి. ఇక్కడ ఒక అమ్మాయి వచ్చి ఈల వేసింది, ఆట మొదలైంది. ఆవిడే రిఫరీ, ఇరవై రెండేళ్ళుంటాయేమో. సాసేజీలు కాలుస్తున్నది ఒక ఆటగాడి తండ్రి. ఆయన డెంటిస్టట. బ్రెడ్డు ముక్క మధ్య సాసేజీ, ఉల్లిపాయలు పెట్టి మూడు డాలర్లకి అమ్మి, ఆ డబ్బు జట్టుకే ఇస్తారు. మా దగ్గర డెంటిస్టుని పొయ్యి దగ్గర నిలబెడితే మర్నాడు అసోసియేషన్ వాళ్ళు ధర్నా చేస్తారు.

మేము తెచ్చింది పులిహోర, పెద్ద డబ్బాడు. సగం ఆట అయ్యాక పిల్లలు కోసిన నారింజ ముక్కలు తిని, ఫోర్కులతో పులిహోర మీద పడ్డారు. "ఎల్లో రైస్, ఎల్లో రైస్" అని ఒకటే గోల. పల్లీలు ఏరి పక్కన పెట్టినవాణ్ణి ఒకణ్ణి నేను గట్టిగా మందలించాను.

రెండో మ్యాచ్‌లో తేజని ఒకడు తోశాడు. రిఫరీ ఈల వెయ్యలేదు. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా తల్లీ!" అని అరిచి, అర్థం కాదేమోనని ఇంగ్లీషులో ఇంకోసారి అరిచాను. నారింజ రంగు జాకెట్టు వేసుకున్న ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి, రిఫరీని ఏమీ అనకూడదని, అంటే గట్టు దాటి బయటికి పంపుతారని మర్యాదగా చెప్పింది. సునంద మొహం ఎర్రబడింది. నేను ఆ పిల్లతో వాదనకి దిగబోతుంటే పక్క నుంచి ఒక గొంతు వినిపించింది.

"టీచర్, కూర్చో. నువ్వు నిలబడితే రిఫరీకి చలి ఎక్కువవుతోంది."

మడత కుర్చీలో ఒక పెద్దాయన. తెల్ల మీసాలు, ఒళ్ళో ఫ్లాస్కు. పేరు స్టావ్రోస్. యాభై ఏళ్ళ కిందట గ్రీసు నుంచి వచ్చాడట. తేజ జట్టులో ఎడమ పక్క ఆడే నిక్ అనే పిల్లాడికి తాత. నేను టీచర్నని ఎలా తెలిసిందని అడిగితే, "నా భార్య కూడా అదే. ఆవిడా ఇలాగే రిఫరీకి పాఠం చెప్పేది" అన్నాడు. రెండో కుర్చీ విప్పి ఇచ్చాడు. నువ్వుల బిస్కట్లు పెట్టాడు. ఆ రోజు రెండు మ్యాచ్‌లూ గెలిచాం. "గెలిచాం" అంటున్నాను చూడండి, ఒక్క రోజుకే.

సెమీఫైనల్

శనివారం మధ్యాహ్నం సెమీఫైనల్. చెరొక గోలు వేసి రెండు జట్లూ గింజుకుంటున్నాయి. ఆట తెలిసినవాళ్ళు బంతిని చూస్తారు. నాకు ఆట తెలియదు కాబట్టి తేజనే చూస్తున్నాను. బంతి ఎక్కడున్నా సరే, వాడినే.

ఇంకా పదిహేను నిమిషాలుందనగా బంతి ఎత్తుగా వాడి ముందుకి వచ్చింది. తేజ ఎగిరి పిడికిలితో గుద్దాడు. బంతి దూరంగా పడింది, మనవాళ్ళలో ఒకడికి దొరికింది, వాడు దాన్ని తీసుకుని అవతలి గోలు వైపు పరుగు తీశాడు. గట్టు మీద ఉన్న తలలన్నీ అటు తిరిగాయి. సునంద తల, స్టావ్రోస్ తల, కోచ్ గ్రెగ్ తల, అన్నీ. నా తల తిరగలేదు. అందుకని గాలిలో ఉన్న తేజ చెవి పైన అవతలి ఆటగాడి మోకాలు తగలడం నేను చూశాను. కింద పడ్డాడు. మోకాళ్ళ మీద లేచాడు. గోలు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మైదానం వైపు కాకుండా వల వైపు తిరిగి, వలని రెండు చేతులా పట్టుకుని, దాని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. ఎవరో చిన్నపిల్లాడు కిటికీలోంచి వీధి చూస్తున్నట్టు.

నేను పదమూడు దాకా లెక్కపెట్టాను. అప్పుడు ఇటు తిరిగాడు.

"సునందా, వాడికి దెబ్బ తగిలింది."

"ఎక్కడ? ఆడుతున్నాడుగా అక్కా. దిష్టి మాటలు మాట్లాడకు."

ఆట సమానంగా ముగిసింది. పెనాల్టీలు వేయించారు. గోల్‌కీపర్ ఒక్కడే నిలబడతాడు, అవతలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కొడతారు. తేజ రెండు ఆపాడు. రెండోది ఆపాక జట్టంతా వాడి మీద గుట్టగా పడింది. స్టావ్రోస్ నన్ను కౌగిలించుకున్నాడు. సునంద ఏడుస్తూ మురళికి ఫోన్ చేసింది. "రేపు రావాలి మీరు, మాటంటే మాట" అంటోంది. గుట్ట విడిపోయాక తేజ లేవడానికి టైము పట్టింది. అదీ నేనే చూశాను.

మోటెల్‌లో దిష్టి

మూడు నాలుగు జట్లు ఒకే మోటెల్‌లో దిగాయి. మా పక్క గది తేజది. ఐదున్నరకి చీకటి పడింది. సునంద వాణ్ణి మా గదికి పిలిపించింది. వచ్చి లైటు ఆర్పి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని మంచం మీద కూర్చున్నాడు. తలనొప్పన్నాడు. నిద్ర చాలలేదన్నాడు.

"దిష్టి. పొద్దుట్నుంచి వాట్సాప్ గ్రూపులో రెండొందల మెసేజీలు. ఫోటో పెట్టకుండా ఉండాల్సింది," అంది సునంద. పులిహోర పోపు కోసం తెచ్చిన ఎండుమిరపకాయలు బయటికి తీసింది. "అక్కా, పెద్దదానివి, నువ్వే తియ్యి."

"నేను సివిక్స్ లెక్చరర్ని. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి ప్రాథమిక విధి. రాజ్యాంగంలో ఉంది."

"రాజ్యాంగం రేపు చూద్దాం. ముందు మిరపకాయలు పట్టుకో."

రాళ్ళ ఉప్పు లేదు. మోటెల్ వాళ్ళిచ్చిన కాగితం పొట్లాల్లో ఉప్పు చింపి, ఆవాలు కలిపి, గుప్పిట బిగించి, వాడి చుట్టూ మూడుసార్లు తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ, చివర వాట్సాప్ దిష్టి కూడా చేర్చాను. నిప్పు లేదు కదా, కరెంటు పొయ్యి మీద మూకుడు పెట్టి అందులో వేశాను. ఇంట్లో అయితే పెరటి గుమ్మం తీసి ఉంటుంది. ఇక్కడ చలికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, పైకప్పులో పొగ కనిపెట్టే యంత్రం ఉంది.

ముందు మాకు దగ్గు వచ్చింది. తర్వాత ఆ యంత్రం కూసింది. తర్వాత మోటెల్ మొత్తం కూసింది.

రెండు నిమిషాల్లో నలభై, యాభై మంది మేజోళ్ళతో, తువ్వాళ్ళతో, సగం తిన్న నూడుల్స్ గిన్నెలతో పార్కింగులోకి వచ్చి నిలబడ్డారు. రేపు ఫైనల్లో మనతో ఆడబోయే ఆకుపచ్చ జట్టు కూడా అందులోనే ఉంది. మోటెల్ యజమానురాలు నా వైపు వేలు చూపిస్తోంది. ఫైరింజను వచ్చింది, నీలం లైట్లు తిరుగుతున్నాయి. హెల్మెట్టు పెట్టుకున్న మనిషి లోపలికి వెళ్ళి, మూకుడు చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏం వండారు?" అని అడిగాడు.

"ఈర్ష్య," అన్నాను.

అతను నవ్వాడో దగ్గాడో తెలియలేదు. అప్పుడు చూసుకున్నాను, తేజ లేడు.

చెత్త డబ్బాల వెనక దొరికాడు. చెవులు మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడకి ఆనుకుని వాంతి చేసుకుంటున్నాడు. నీలం లైటు గోడ మీద తిరిగినప్పుడల్లా దెబ్బ తగిలినట్టు ఉలిక్కిపడుతున్నాడు.

"ఇట్స్ ద స్మోక్, పెద్దమ్మా."

"పొగకి దగ్గొస్తుందిరా, వాంతి రాదు. మధ్యాహ్నం మోకాలు తగిలింది. వల పట్టుకుని అటు తిరిగి నిలబడ్డావు."

వాడు కళ్ళు తెరిచాడు. "ఇంకెవరు చూశారు?"

దెబ్బ సంగతి కాదు, సాక్షుల సంగతి అడిగాడు.

"తలకి తగిలిందంటే రూల్ ఉంది. అవుట్. వీక్స్ ఆడనివ్వరు. రేపు డాడ్ వస్తున్నాడు. ఆ క్లబ్ ఆయన వస్తాడు. ఒక్క గేమ్, పెద్దమ్మా. జస్ట్ నైంటీ మినిట్స్. తర్వాత నేనే చెప్తా. ప్రామిస్ మీ."

"చెయ్యను."

వాడు నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. "ఒట్టు వెయ్యి. అమ్మకి చెప్పను, కోచ్‌కి చెప్పను అని. అమ్మ నాతో ఇలాగే వేయిస్తుంది. ఇలా వేస్తే తప్పకూడదు కదా?"

తెలుగులో నాలుగు వాక్యాలు వరసగా వాడి నోట వినడం అదే మొదటిసారి. ఆ చలిలో వాడి జుట్టు చెమటతో తడిసి ఉంది. నా అరచేతి కింద, చెవికి పైన, ఉడకబెట్టిన గుడ్డంత బొప్పి. వాడి కళ్ళల్లోకి చూసి "ఒట్టు" అన్నాను.

ఎందుకన్నావని అడగొద్దు. వాడి పార్టీ కదా నేను.

బేకరీ

మర్నాడు పదకొండు దాటాక బేకరీకి నడిచాను. ఫైనల్ ఒంటిగంటకి. మాంసం పెట్టి కాల్చిన పై అనే పదార్థం ఇక్కడివాళ్ళకి మనకి ఇడ్లీ లాంటిది, పొద్దున్నే నిలబడి తింటారు. నేను కాఫీ తీసుకున్నాను, ఐదున్నర డాలర్లు. స్టావ్రోస్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"నాకో స్నేహితురాలుంది," అని మొదలుపెట్టాను. "ఆవిడకి ఒకరి రహస్యం తెలిసింది. చెబితే ఆ మనిషికి నష్టం. చెప్పకపోతే ఇంకా పెద్ద నష్టం రావచ్చు, రాకపోవచ్చు."

"నీ స్నేహితురాలి మనిషి గోల్‌కీపరా?"

"కాదు."

ఆయన తన పై ముక్క కొరికి, నమిలి, మూతి తుడుచుకున్నాడు. "నేను విరిగిన వేలితో రెండు మ్యాచ్‌లు ఆడాను, టీచర్. వెళ్ళనివ్వు. మ్యాచ్ అయ్యాక చెప్పు. కుర్రాళ్ళ దెబ్బలు మానతాయి. ఆడని ఫైనల్ మాత్రం ముసలితనం దాకా నొప్పి పెడుతుంది."

"వేలు వేరు, తల వేరు."

"ఇంత తెలిసినదానివి నన్నెందుకు అడిగావు?"

కాఫీ తాగాను. నేను ముహూర్తాలు చూడను, పిల్లి ఎదురొస్తే పలకరిస్తాను. అయినా ఒక మనిషి తల మీద చెయ్యి పెట్టి అన్న మాట తప్పితే ఆ తలకే కీడని చిన్నప్పట్నుంచీ విన్నది ఒంట్లో ఎక్కడో కూర్చుని ఉంది. అదీ దెబ్బతిన్న తల. మాట తప్పితే ఆ తలకేమవుతుందో, తప్పకపోతే ఆ తలకేమవుతుందో. మైదానం దాకా నడిచిన ఇరవై నిమిషాలూ ఈ రెండిటి మధ్యే తిరిగాను.

గట్టు మీదికి వచ్చేసరికి తేజ చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. ఒకడు బంతి విసిరాడు. తేజ పట్టుకున్నాడు. రెండోది వాడి చేతులకి జానెడు పక్క నుంచి వెళ్ళింది. వాడు నవ్వి, ఎండ అన్నట్టు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆకాశం నిండా మబ్బు.

ఒట్టులో అమ్మ పేరుంది, కోచ్ పేరుంది. ఫిజియో పేరు లేదు.

అదీ నేను చేసిన పని. లాయర్లా అక్షరాలు లెక్కపెట్టుకుని, జట్టులో దెబ్బలు తగిలితే చూసే ఫిజియో బెత్ దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళ పిల్ల, బ్యాండేజీ చుడుతోంది. మోకాలు, వల, వాంతి, బొప్పి అన్నీ చెప్పాను. ఆమె బ్యాండేజీ బల్ల మీద పెట్టేసి, తేజ దగ్గరికి నడిచింది.

వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి ఐదు మాటలు చెప్పి తిరిగి చెప్పమంది. నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంది. ఒంటికాలి మీద నిలబడమంది. నేను దూరం నుంచి చూస్తున్నాను. మూడోసారి కూడా కాలు కింద పెట్టేశాడు. బెత్ కోచ్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తేజ గ్లవ్స్ విప్పి, వాటిని లియమ్ అనే రెండో గోల్‌కీపర్‌కి ఇవ్వకుండా నేల మీద పడేసి, నా వైపు వచ్చాడు.

"ఒట్టు వేశావు."

"ఫిజియో పేరు చెప్పలేదు కదా," అన్నాను. అంత సిగ్గుమాలిన మాట నా నోట ఎప్పుడూ రాలేదు. వాడు నన్ను చూసిన చూపు నేను రాయలేను.

వెనకే సునంద. "నాకు చెప్పకుండా ఎవరో పిల్లకి చెప్తావా? నేను తల్లిని! ఆరేళ్ళకి వాళ్ళ నాన్న కారేసుకుని వస్తున్నాడు, ఈ రోజే దొరికిందా నీకు? తలనొప్పికి టాబ్లెట్ ఇచ్చాను, తగ్గిందన్నాడు. నువ్వు వచ్చిన చోటల్లా ఇంతే అక్కా. ఎవర్నీ ఉన్నచోట ఉండనివ్వవు."

ఫైనల్

బెత్ అప్పుడే ఆస్పత్రికి వెళ్ళమంది. తేజ వెళ్ళనన్నాడు. ఆట అయ్యేదాకా బెంచీ మీద నుంచి లేవనన్నాడు. చివరికి ఆమె వాడికి నల్ల కళ్ళద్దాలు పెట్టించి, దుప్పటి కప్పి, పక్కనే కూర్చుంది.

మురళి ఒంటిగంటకి సరిగ్గా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూలగుత్తి. గోలు దగ్గర చూశాడు, అక్కడ ఎర్రజుట్టు లియమ్ ఉన్నాడు. బెంచీ మీద చూశాడు. సునంద ఏదో చెప్పింది, నన్ను చూపించింది. ఆయన పూలగుత్తి కారులో పెట్టి వచ్చి, బెంచీ చివర కొడుకు పక్కన కూర్చున్నాడు.

నేను ఒంటరిగా గట్టు చివర నిలబడ్డాను. ఈసారి నాకు బంతి తప్ప చూడటానికి ఏమీ లేదు. మొదటి గోలు మనవాళ్ళే వేశారు, స్టావ్రోస్ మనవడు నిక్. రెండో సగంలో ఆకుపచ్చ జట్టు సమం చేసింది. క్లబ్ నుంచి వచ్చిన నల్ల కోటు మనిషి ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంకా రెండు నిమిషాలుందనగా ఒక బంతి నేల బారుగా వచ్చింది. గట్టిగా కూడా రాలేదు. లియమ్ వంగాడు. రెండు చేతుల మధ్య నుంచి, రెండు కాళ్ళ మధ్య నుంచి, మెల్లగా, గీత దాటింది.

మైదానంలో ఆకుపచ్చ అరుపు. లియమ్ మొహం నేలకి ఆనించి లేవలేదు. బెంచీ మీద తేజ కదల్లేదు, నల్ల అద్దాల వెనక వాడు ఎటు చూస్తున్నాడో తెలియలేదు. రెండు ఒకటితో ఓడిపోయాం. స్టావ్రోస్ తన కుర్చీలు మడిచి, నా పక్క నుంచే, నన్ను పలకరించకుండా వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి దారి

ఆస్పత్రి పది నిమిషాల దూరం. మురళి కారు ముందు. సునంద కారులో తేజ ముందు సీట్లో, నేను వెనక. సునంద దృష్టిలో అది మొక్కుబడి వ్యవహారం, బెత్ చెప్పింది కాబట్టి వెళ్ళాలి.

"మమ్, స్కోరెంత?" అన్నాడు తేజ.

"టూ వన్ నాన్నా. పోయింది. వదిలెయ్."

చెరువు పక్క నుంచి వెళ్తున్నాం. హంసలు గడ్డి మీద కూర్చున్నాయి.

"మమ్, స్కోరెంత?"

సునంద అద్దంలో నన్ను చూసింది. నన్ను దెప్పడానికే మళ్ళీ అడుగుతున్నాడని అనుకున్నట్టుంది. "చెప్పాగా, టూ వన్," అంది.

సిగ్నల్ దగ్గర ఆగాం. తేజ ఒళ్ళో చేతులు తడుముకున్నాడు, సీటు కింద చూశాడు, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కోపం లేదు ఆ మొహంలో. పరీక్షకి ఆలస్యమైన పిల్లాడి కంగారు ఉంది.

"పెద్దమ్మా, నా గ్లవ్స్ ఎక్కడ? వార్మప్‌కి లేటవుతోంది."

సిగ్నల్ ఆకుపచ్చ అయింది. సునంద కదల్లేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కింది, ఎంత గట్టిగా అంటే నా తల సీటుకి కొట్టుకుంది.

ఒక రాత్రి ఉంచుకున్నారు. స్కానులో లోపల రక్తం లేదన్నారు. "ఏమీ లేదన్నమాట," అన్నాడు మురళి ఆశగా. డాక్టరమ్మ తల ఊపలేదు. స్కాను బాగుంటే మెదడు బాగున్నట్టు కాదంది. నిన్న దెబ్బ, ఇవాళ దాని మీద ఇంకో దెబ్బ పడి ఉంటే ఈ సంభాషణ వేరేగా ఉండేదంది. ఈ సీజన్‌కి ఆట లేదు, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అంది. సునంద నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. అలా ఏడ్చాక కూడా, "నాకు ముందు చెప్పాల్సింది" అంది. అది నిజమే. ఆ వాదనలో నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

మళ్ళీ క్రాన్‌బర్న్

కొన్ని రోజులు వాడికి ఫోను వద్దన్నారు, టీవీ వద్దన్నారు, వెలుతురు తగ్గించమన్నారు. కర్టెన్లు వేసిన గదిలో పడుకున్నాడు. రెండు రోజులు నేను అన్నం తీసుకెళ్తే గోడ వైపు తిరిగాడు. మూడో రోజు ప్లేటు పెట్టి వచ్చేస్తుంటే పిలిచాడు.

"పెద్దమ్మా. ఫైనల్ చెప్పు."

"నువ్వు చూశావు కదరా."

"ఐ డోంట్ రిమెంబర్. బెత్ టేబుల్ గుర్తుంది. కాలు కింద పెట్టడం గుర్తుంది. తర్వాత హాస్పిటల్ సీలింగ్. మధ్యలో ఏం లేదు. మమ్‌ని అడిగితే ఏడుస్తుంది, డాడ్‌కి కార్నర్ అంటే తెలీదు."

నాకు మాత్రం ఏం తెలుసు? అయినా కూర్చున్నాను. ఎడమ పక్క నుంచి పొడుగు జుట్టువాడు పరిగెత్తాడు, నిక్‌కి ఇచ్చాడు, నిక్ తలతో కొట్టాడు అన్నాను.

"తలతో కాదు, వాడు తలతో కొట్టడు. కాలుతో అయ్యుంటుంది."

"నేను చూశాను. తలతోనే."

"పెద్దమ్మా, నిక్ సంగతి నాకు తెలుసు."

"అక్కడ నిలబడింది నేను. నువ్వు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నావు."

గొడవపడ్డాం. వాడు నెమ్మదిగా, ప్రతి మాటకీ ఆగి, తెలుగులోనే గొడవపడ్డాడు. సమం చేసిన గోలు దాకా వచ్చాం. నల్ల కోటు మనిషి ఫోన్ చూసుకున్నాడని కూడా చెప్పాను. తర్వాత లియమ్ దగ్గరికి వచ్చాం. బంతి నేల బారుగా వచ్చిందని, గట్టిగా రాలేదని, చేతుల మధ్య నుంచి పోయిందని చెప్పాను.

వంటింట్లో కుక్కరు కూత వేసింది, ఆగింది.

"నేను ఆడి ఉంటే?"

వాడి చేతులకి అందకుండా పోయిన బంతిని ఆ రోజు వార్మప్‌లో నేను చూశాను. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. కాని వాడు అడుగుతున్నది ఆ తేజ గురించి కాదు, తల బాగున్న తేజ గురించి.

"నువ్వుంటే ఆపేవాడివి," అన్నాను. "మీరు గెలిచేవాళ్ళు."

వాడు గోడ వైపు తిరిగాడు. దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. ప్లేటులో అన్నం చల్లారిపోతోంది. లేచి వెళ్ళిపోవాలో కూర్చోవాలో తెలియక మంచం అంచున అలాగే ఉన్నాను.

"సరే," అన్నాడు గోడ వైపు నుంచే. "తర్వాత?"

ఇంకా రెండు నిమిషాల ఆట ఉంది. చెప్పడం మొదలుపెట్టాను.